ఆడిట్ ఉద్యోగంలో నిజంగా చేసే పని: హాఫ్ మార్జిన్ నుంచి పీఏసీ దాకా

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: బీకాం చేశారు, కేంద్ర ఉద్యోగాల పరీక్ష ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌లో ఆడిటర్ పోస్టు వచ్చేలా ఉంది, రాష్ట్ర గ్రూప్-2 కూడా రాస్తున్నారు, మనసులో ఒక మూల ఆర్‌బీఐ, సెబీ ఉన్నాయి. ప్రభుత్వ ఆడిట్‌లో రోజువారీ పని ఏమిటి, ఎదుగుదల ఎలా ఉంటుంది, ముందుగా ఏం నేర్చుకోవాలి?

ముందు ఒక అపోహ వదిలించుకోవాలి. ఆడిట్ అంటే దొంగల్ని పట్టే కొలువు అనుకుని చేరినవాళ్ళు ఏడాది తిరక్కుండానే నీరసపడిపోతారు. కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) వ్యవస్థలో మీకు ఎవరినీ అరెస్టు చేసే అధికారం లేదు, సొమ్ము వసూలు చేసే అధికారం లేదు, బిల్లు ఆపే అధికారం అంతకన్నా లేదు. కాగితం అడిగే హక్కు, చూసింది రాసే హక్కు, ఈ రెండే ఉన్నాయి. అవతలి కార్యాలయం రికార్డులతోనే ఆ కార్యాలయం కాదనలేని పేరా (ఆడిట్ అభ్యంతరం) రాయడం మీ పని. ఇది ఆసక్తిగా అనిపిస్తే ఉద్యోగం బాగుంటుంది, లేకపోతే జీతం తప్ప ఏమీ మిగలదు.

పోస్టు పేరు చూసి మోసపోవద్దు. సీజీఎల్‌లో 'ఆడిటర్' అన్న పేరుతో మూడు చోట్ల ఖాళీలుంటాయి: కాగ్ కింద, రక్షణ శాఖ పద్దులు చూసే సీజీడీఏ కింద, ఇతర కేంద్ర మంత్రిత్వ శాఖలు, విభాగాల కింద. సీజీడీఏలో మీరు ఎక్కువగా చేసేది చెల్లింపుకు ముందు బిల్లుల తనిఖీ, జీతాలు, పెన్షన్లు, అంతర్గత ఆడిట్. ఊళ్ళు తిరిగి వేరే శాఖల రికార్డులు చూసే స్వతంత్ర ఆడిట్ కాగ్‌లోనే ఉంటుంది. కాగ్‌లో మళ్ళీ రెండు రకాల ఆఫీసులు: ఆడిట్, ఏ అండ్ ఈ (అకౌంట్స్ అండ్ ఎంటైటిల్‌మెంట్స్). 1984లో సిబ్బందిని ఇలా విడదీశారు. ఏ అండ్ ఈ ఆఫీసులు రాష్ట్ర ప్రభుత్వ ఖాతాలు కూర్చి తయారు చేస్తాయి, చాలా రాష్ట్రాల్లో జీపీఎఫ్, పెన్షన్ పనులూ చూస్తాయి. అక్కడి పోస్టు పేరు అకౌంటెంట్. సాయంత్రానికి ఇంటికి చేరాలనుకునేవాళ్ళకు అదే మేలు. పోస్టుల ప్రాధాన్య క్రమం నింపేటప్పుడు ఈ తేడా తెలియక, తరవాత తల పట్టుకునేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

రాష్ట్రంలో స్టేట్ ఆడిట్ శాఖ దారి వేరు. పంచాయతీలు, మున్సిపాలిటీలు, మార్కెట్ కమిటీలు, దేవస్థానాలు, విశ్వవిద్యాలయాల వంటి స్థానిక నిధుల లెక్కలు వాళ్ళవి. ఆంధ్రప్రదేశ్‌లో దీనికి 1989 నాటి స్టేట్ ఆడిట్ చట్టం ఆధారం. ఇక్కడ ఒక పదును ఎక్కువ: నిబంధనకు విరుద్ధంగా ఖర్చు పెట్టినవారి మీద సర్‌చార్జి వేసే (ఆ సొమ్ము వారి నుంచే రాబట్టే) ఏర్పాటుంది. కాగ్ ఆడిటర్‌కు లేనిది ఇదే. గ్రూప్-2లో కనిపించే సీనియర్ ఆడిటర్ పోస్టు ఈ శాఖదే. ఇంటిపన్ను డీసీబీ (డిమాండ్, వసూలు, బకాయి) రిజిస్టరు, క్యాష్‌బుక్, తీర్మానాల పుస్తకం, ఎం బుక్ (పనుల కొలతల పుస్తకం) ఈ నాలుగూ కళ్ళకు అలవాటైతే పంచాయతీ ఆడిట్‌లో సగం పని అయినట్టే. చేతిరాత తెలుగు వేగంగా చదవగలగడం ఇక్కడ నిజమైన అర్హత. పరీక్షల్లో మాత్రం దాన్ని ఎవరూ అడగరు.

జీతం, ఎదుగుదల మాట. ఏడో వేతన సంఘం ప్రకారం ఆడిటర్‌ది లెవెల్ 5, మూల వేతనం 29,200 దగ్గర మొదలవుతుంది. శాఖాపరమైన పరీక్ష గట్టెక్కి మూడేళ్ళ సర్వీసు నిండితే సీనియర్ ఆడిటర్, లెవెల్ 6. అసలు మలుపు ఎస్‌ఏఎస్ అనే శాఖాపరమైన పై పరీక్ష. అది పాసైతే ఖాళీని బట్టి అసిస్టెంట్ ఆడిట్ ఆఫీసర్ (ఏఏఓ), లెవెల్ 8, గెజిటెడ్. అక్కడి నుంచి ఆడిట్ ఆఫీసర్, సీనియర్ ఆడిట్ ఆఫీసర్. ఐఏ అండ్ ఏఎస్ (ఇండియన్ ఆడిట్ అండ్ అకౌంట్స్ సర్వీస్) అధికారులు సివిల్స్ ద్వారా వచ్చి సిమ్లాలో శిక్షణ పొందుతారు. కింది నుంచి పైకి వెళ్ళి ఆ సర్వీసులో చేరినవారూ ఉన్నారు, కానీ దాన్ని నమ్ముకుని లెక్కలు వేసుకోకూడదు. ఎస్‌ఏఎస్ రాయకుండా ఉండిపోయిన ఆడిటర్‌కూ, నాలుగేళ్ళలో పాసైన ఆడిటర్‌కూ పదవీ విరమణ నాటికి తేడా జీతంలోనే కాదు, చేసిన పని స్థాయిలో కూడా చాలా ఉంటుంది. ఒకరు జీవితమంతా వోచర్లు చూస్తారు, రెండోవారు పేరాలు రాస్తారు. కాబట్టి చేరిన రోజు నుంచే సిలబస్ తెచ్చుకోండి.

ఇక పని. ఆడిట్ పార్టీ అంటే మామూలుగా ఒక సీనియర్ ఆడిట్ ఆఫీసర్, ఇద్దరు ఏఏఓలు, కొన్నిసార్లు ఒక ఆడిటర్. ఒక యూనిట్‌కు, అంటే ఆడిట్ చేయాల్సిన ఆఫీసుకు, కొన్ని రోజులు కేటాయిస్తారు. చిన్న ఆఫీసుకు అయిదారు పనిరోజులు, ఇంజినీరింగ్ డివిజన్‌కు అంతకు రెండింతలో మూడింతలో. మొదటిరోజు ఎంట్రీ కాన్ఫరెన్స్, చివరిరోజు ఎగ్జిట్ కాన్ఫరెన్స్. మధ్యలో ఉన్నది తక్కువ టైమే. అందుకే మంచి పార్టీలు బయల్దేరకముందే పని మొదలుపెడతాయి: ఆ యూనిట్ రెండు మూడేళ్ళ ఖర్చు వివరాలు ట్రెజరీ డేటా నుంచి తీసి, మార్చి నెలలో డ్రా చేసిన పెద్ద బిల్లులు, పీడీ (పర్సనల్ డిపాజిట్) ఖాతాకు మళ్ళించిన సొమ్ము, ముందుగా డ్రా చేసి ఇంకా లెక్క చెప్పని ఏసీ బిల్లులు, రాని వినియోగ ధ్రువపత్రాలు, పాత ఇన్‌స్పెక్షన్ రిపోర్టుల్లో తేలని పేరాలు ముందే గుర్తు పెట్టుకుంటాయి. ఖాళీ చేతులతో వెళ్ళిన పార్టీ మొదటి రెండు రోజులు రిజిస్టర్లు ఎక్కడున్నాయో వెతకడంలోనే పోగొట్టుకుంటుంది.

రికార్డు ఇవ్వకపోవడం రోజూ ఉండే తలనొప్పి. 'క్లర్కు సెలవులో ఉన్నాడు', 'తాళం సారు దగ్గరుంది', 'ఫైలు కలెక్టరేట్‌కు వెళ్ళింది'. నోటిమాటతో అడిగి నోటిమాటతో సరిపెట్టుకుంటే చివరికి మిగిలేది ఏమీ లేదు. మొదటిరోజే లిఖితపూర్వకంగా జాబితా ఇవ్వండి, తేదీతో అందినట్టు సంతకం తీసుకోండి, మూడోరోజుకు రాకపోతే రిమైండర్ ఇవ్వండి. కాగ్ విధులు, అధికారాలు చెప్పే 1971 నాటి డీపీసీ చట్టం 18వ సెక్షన్ ఏ రికార్డునైనా అడిగే అధికారం ఇస్తుంది. ఆ సెక్షన్ ఉటంకించిన లేఖ ఆఫీసు అధిపతి టేబుల్ మీదికి చేరితే తాళాలు సాధారణంగా దొరుకుతాయి. దొరక్కపోతే రికార్డు ఇవ్వలేదన్నదే ఒక పేరా అవుతుంది, ఆ రెండు లేఖలే దానికి ఆధారం. ఇంకో మాట: మీరు అడుగుతున్న సంస్థ కాగ్ ఆడిట్ పరిధిలోకి వస్తుందో లేదో ముందే తేల్చుకోవాలి. ప్రభుత్వ గ్రాంటు మీద నడిచే సొసైటీ విషయంలో 14వ సెక్షన్ కింద ఆ ఏడాది గ్రాంటు లేదా రుణం రూ.25 లక్షలకు తగ్గకుండా, మొత్తం ఖర్చులో 75 శాతానికి తగ్గకుండా ఉండాలి. ఈ లెక్క చూసుకోకుండా వెళ్ళి గుమ్మంలోనే అభ్యంతరం ఎదుర్కొన్న పార్టీలుంటాయి.

తేడా కనిపించగానే ఇచ్చేది ఆడిట్ మెమో, పాతవాళ్ళ మాటలో హాఫ్ మార్జిన్. కాగితాన్ని నిలువుగా సగం చేసి ఒక పక్క ప్రశ్న, రెండో పక్క జవాబు రాసే రోజుల పేరు అది. ఇప్పుడు ఓఐఓఎస్ అనే డిజిటల్ వేదిక మీద నడుస్తున్నా పేరు పోలేదు. మీ కెరీర్ అంతా ఈ మెమో రాయడం మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుని దగ్గరగా చూద్దాం.

ఒక ఆసుపత్రి రూ.1.84 కోట్లతో సీటీ స్కానర్ కొన్నది. 2021 మార్చి 29న యంత్రం వచ్చింది. 2023 జనవరి 10న గానీ వాడకంలోకి రాలేదు. కొత్త ఆడిటర్ ఇలా రాస్తారు: 'అధికారుల తీవ్ర నిర్లక్ష్యం వల్ల రూ.1.84 కోట్ల ప్రజాధనం వృథా అయింది.' ఆసుపత్రి జవాబు ఒక్క వాక్యం: 'యంత్రం ప్రస్తుతం పనిచేస్తున్నది, రోజూ స్కాన్లు తీస్తున్నాము, కావున పేరా ఉపసంహరించగలరు.' అయిపోయింది. యంత్రం పనిచేస్తోంది కాబట్టి సొమ్ము వృథా కాలేదు. 'నిర్లక్ష్యం' అన్నది అభిప్రాయం, దానికి కాగితం లేదు.

అదే మెమో నిలబడాలంటే నాలుగు విషయాలు వరసగా తేలాలి. ఏం జరగాల్సింది: కొనుగోలు ఆర్డరులో యంత్రం రాకముందే గది సిద్ధం చేయాలన్న షరతు ఉందా? సీటీ గదికి అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి, నడపడానికి లైసెన్సు తప్పనిసరి. ఏం జరిగింది: ఆ అనుమతికి మండలి వారి ఈలోరా పోర్టల్‌లో దరఖాస్తు పెట్టింది ఎప్పుడు? 2022 ఆగస్టులో అని తేలితే, యంత్రం వచ్చాక దాదాపు 17 నెలలు దరఖాస్తే లేదు. ఎందుకు: గది మార్పుల అంచనాకు నిధులు అడగలేదా, అడిగితే పైన ఆగిందా? ఇది అధికారులు తమ అభిప్రాయాలు రాసే నోట్‌ఫైల్‌లో దొరుకుతుంది, కరెస్పాండెన్స్ ఫైల్‌లో దొరకదు. దాంతో ఏమైంది: ఆ 21 నెలల్లో రోగులను బయటి కేంద్రానికి పంపి 1,126 స్కాన్లకు ఒక్కొక్కదానికి రూ.2,000 చొప్పున చెల్లించి ఉంటే అది రూ.22.52 లక్షలు. ఇదీ మీ పేరా విలువ. 1.84 కోట్లు కాదు. చిన్న సంఖ్యే, కానీ దీన్ని ఎవరూ కదిలించలేరు.

కదిలించలేరని అన్నానుగానీ, ఇంకో రెండు చోట్ల చూసుకోవాలి. ఆ 21 నెలల్లో సీటీ టెక్నీషియన్ పోస్టు భర్తీ అయి ఉందా? లేకపోతే గది సిద్ధంగా ఉన్నా యంత్రం నడిచేది కాదు, అప్పుడు బయటి ఖర్చుకు గది ఆలస్యమే కారణమని చెప్పలేరు. బయట తీయించినవి ఈ యంత్రం తీయగలిగిన రకం స్కాన్లేనా? రెండోది వారంటీ. 'వాడకుండానే వారంటీ అయిపోయింది' అని రాయడానికి చేయి దురద పెడుతుంది. ఆర్డరు తీసి చూడండి: వారంటీ మొదలయ్యేది సరఫరా తేదీ నుంచా, ఇన్‌స్టలేషన్ తేదీ నుంచా? ఇన్‌స్టలేషన్ నుంచి అయితే ఆ వాక్యం మీ పేరానంతటినీ అనుమానంలో పడేస్తుంది. ఒక్క తప్పు వాక్యం దొరికితే చాలు, శాఖ దాన్నే పట్టుకుని మిగతా తొమ్మిదింటికి జవాబు చెప్పడం మానేస్తుంది.

ఆధారాల కాపీలను మా భాషలో 'కేడీలు' (కీ డాక్యుమెంట్లు) అంటారు. కొనుగోలు ఆర్డరు, డెలివరీ చలాను, స్టాక్ రిజిస్టరులో ఆ పేజీ, ఇన్‌స్టలేషన్ రిపోర్టు, బయటి కేంద్రం వోచర్లు, నోట్‌ఫైల్ పేజీలు. ప్రతి సంఖ్య పక్కన అది ఏ కేడీ నుంచి వచ్చిందో నంబరు ఉండాలి. యూనిట్‌లో ఉన్నప్పుడే ధ్రువీకరించిన కాపీ తీసుకోండి. పార్టీ వెళ్ళిపోయాక ఉత్తరం రాసి తెప్పించుకుంటామనుకోవడం ఆశ మాత్రమే. స్టాకు గానీ నిర్మాణం గానీ చూస్తే ఉమ్మడి తనిఖీ చేసి, ఆ యూనిట్ అధికారి సంతకం, తేదీ అదే పూట తీసుకోవాలి. 'రేపు సంతకం పెడతాను' అన్నవారు రేపు కనిపించరు.

పార్టీ తిరిగి వచ్చాక మెమోలన్నీ ఇన్‌స్పెక్షన్ రిపోర్టుగా మారతాయి. ఆడిట్ ముగిసిన 30 రోజుల్లో పంపాలి, యూనిట్ నాలుగు వారాల్లో మొదటి జవాబు ఇవ్వాలి. పెద్దవి పార్ట్ 2-ఏలో, మిగతావి 2-బిలో పెడతారు. వాటిలో రాష్ట్ర స్థాయిలో నిలబడగలవి ఏరి డ్రాఫ్ట్ పేరాలుగా శాఖ కార్యదర్శికి పంపుతారు, అక్కడ జవాబుకు ఆరు వారాల గడువు. తరవాత అది ఢిల్లీలోని కాగ్ కార్యాలయంలో వెట్టింగ్‌కు (తుది పరిశీలనకు) వెళ్ళి, రిపోర్టులో అచ్చయి, 151వ అధికరణం కింద చట్టసభ ముందుకు వస్తుంది. ఆ తరవాత పీఏసీ (ప్రజా పద్దుల సంఘం). పార్లమెంటు పీఏసీలో 22 మంది: 15 మంది లోక్‌సభ నుంచి, ఏడుగురు రాజ్యసభ నుంచి. 1967 నుంచి అధ్యక్ష స్థానం ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీ. మీరు మండల ఆఫీసులో కూర్చుని రాసిన మెమో ఇక్కడికి చేరడానికి ఏళ్ళు పడుతుంది. అప్పటికి మీరు వేరే వింగ్‌లో ఉంటారు, రాసింది మీరని ఎవరికీ గుర్తుండదు. పేరు మోజున్నవాళ్ళకు ఈ ఉద్యోగం సరిపడదు.

సంఖ్యల విషయంలో ఒక హెచ్చరిక. 2010 నవంబరులో పార్లమెంటు ముందుకు వచ్చిన 2జీ స్పెక్ట్రమ్ కేటాయింపుల రిపోర్టు తెలియనివారు లేరు. అందులో నష్టానికి ఒకటి కాదు, వేర్వేరు పద్ధతుల్లో వేర్వేరు అంచనాలు ఇచ్చారు. జనం నోట మిగిలింది అన్నిటికన్నా పెద్దది, రూ.1.76 లక్షల కోట్లు. 2012లో సుప్రీంకోర్టు 122 లైసెన్సులు రద్దు చేసింది. 2017లో ప్రత్యేక కోర్టు క్రిమినల్ కేసులో నిందితులను నిర్దోషులని తేల్చింది. ఆడిట్ నిర్ధారణకు కావలసిన ప్రమాణం వేరు, నేరం రుజువు కావడానికి కావలసింది వేరు. 'ఇలా జరిగి ఉంటే ఇంత వచ్చేది' అనే ఊహ మీద కట్టిన సంఖ్య మీద జీవితాంతం వాదన నడుస్తుంది. వోచర్లు కూడితే వచ్చిన సంఖ్య మీద ఎవరూ వాదించరు. చిన్న స్థాయిలో పనిచేసేటప్పుడు రెండోదానికే కట్టుబడండి.

ఇంజినీరింగ్ డివిజన్లు ఎక్కువ నేర్పిస్తాయి. ఎం బుక్‌లో పేజీలకు నంబర్లుంటాయి, కొలతలు సిరాతో, తేదీల వరసలో ఉండాలి. ఒకే ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) ఒకే రోజు అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు పనుల కొలతలు తీసినట్టు రాసి ఉంటే రెండు ఎం బుక్‌లు పక్కపక్కన పెడితేనే కనిపిస్తుంది. మట్టి, కంకర లీడ్ (రవాణా) దూరం అంచనాలో 22 కిలోమీటర్లు, అసలు తవ్విన క్వారీ 9 కిలోమీటర్లు. మైనింగ్ శాఖ పర్మిట్లలో క్వారీ పేరు దొరుకుతుంది. రవాణా బిల్లులో లారీ నంబరు రవాణా శాఖ డేటాలో స్కూటరుగా తేలడం మన దేశ ఆడిట్‌లో పాత కథ. 1:1.5:3 పాళ్ళ కాంక్రీటుకు ఘనపు మీటరుకు సుమారు 8 బస్తాల సిమెంటు పడుతుంది. బిల్లయిన కాంక్రీటుకూ సిమెంటు వినియోగానికీ పొంతన లేకపోతే అడగండి. కానీ అది డిజైన్ మిక్స్ (ప్రయోగశాలలో పాళ్ళు నిర్ణయించిన కాంక్రీటు) అయితే సిమెంటు తక్కువే పడుతుంది, ఒప్పందం చూడకుండా అడిగితే ఇంజినీరు ముందు తేలికైపోతారు. అలాగే రేటు ఎక్కువ ఇచ్చారనే ముందు ఆ పని మంజూరైన ఏడాది ఎస్‌ఎస్‌ఆర్ (ప్రామాణిక రేట్ల పట్టిక) తెరవాలి, ఈ ఏడాదిది కాదు. కొనుగోళ్ళకూ ఇదే సూత్రం: కేంద్ర ఆర్థిక నిబంధనలు, జీఎఫ్‌ఆర్ 2017, పరిమితులు మధ్యలో మారుతూ వచ్చాయి. కొన్న రోజున అమల్లో ఉన్న పరిమితే కొలబద్ద. కొత్తవాళ్ళ మెమోలు ఎక్కువగా పడిపోయేది ఈ ఒక్క కారణంతో.

లబ్ధిదారుల పథకాలు చూసేటప్పుడు డేటా పని తప్పదు. ఒకే బ్యాంకు ఖాతాకు ఇద్దరు లబ్ధిదారులు ఉన్నారా అని చూడటం మొదటి పరీక్ష. ఇక్కడే పెద్ద గొయ్యి ఉంది. ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెలు మాత్రమే నిలుపుకుంటుంది. 16 అంకెల ఖాతా నంబర్లున్న బ్యాంకులున్నాయి. ఆ ఫైలు నేరుగా తెరిస్తే పదహారో అంకె సున్నా అయిపోయి, పది వేర్వేరు ఖాతాలు ఒకటిగా కనిపిస్తాయి. ముందు సున్నాలతో మొదలయ్యే నంబర్లయితే ఆ సున్నాలు రాలిపోతాయి. ఫైలును టెక్స్ట్‌గా దిగుమతి చేసుకుంటే ఈ బాధ లేదు. 'నాలుగు వేల డూప్లికేట్లు దొరికాయి' అని సంబరపడే ముందు, ఆ ఖాతాలన్నీ సున్నాతో ముగుస్తున్నాయేమో చూడండి. పేర్లతో పోల్చడం ఇంకా ప్రమాదం. ఇంగ్లిష్ అక్షరాల్లోకి వెళ్ళిన 'వెంకటేశ్వర్లు' అయిదారు రకాలుగా ఉంటుంది, ఇంటిపేరు ఒక జాబితాలో ముందు, ఒక జాబితాలో వెనక. పైగా ఒక మండలంలో ఒకే పేరు, ఒకే తండ్రి పేరు ఉన్నవాళ్ళు నిజంగానే ఇద్దరుంటారు. డేటా చూపించేది అనుమానమే. పది, ఇరవై కేసులు ఎంచుకుని ఇళ్ళకు వెళ్ళి చూసి, ఆ వివరాలతో రాసినప్పుడే పేరా అవుతుంది. ఎక్సెల్‌లో పివట్, లుకప్ బాగా రావాలి, ఎస్‌క్యూఎల్ కొద్దిగా వస్తే ఆఫీసులో మీ విలువ రెట్టింపవుతుంది.

ఆతిథ్యం గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. యూనిట్ వాహనం, యూనిట్ కట్టిన లాడ్జి గది, యూనిట్ పెట్టిన భోజనం వద్దు. టీఏ, డీఏ ఇచ్చేది అందుకే. మారుమూల యూనిట్‌లో వేరే దారి లేక వాళ్ళ క్యాంటీన్‌లో తింటే బిల్లు కట్టి రసీదు ఉంచుకోండి. చుట్టరికాలు, కులం, ఊరు, చదివిన కాలేజీ అన్నీ తవ్వి 'మనవాళ్ళే' అనే మాట మూడోరోజుకు వస్తుంది. దానికి కోపగించుకోవలసిన పని లేదు, నవ్వేసి తరవాతి రిజిస్టరు అడగండి. దానికి ఎదురు తప్పు కూడా ఉంది: జవాబుదారు క్లర్కును నలుగురిలో గద్దించడం. ఆ ఆఫీసులో ఏ ఫైలు ఎక్కడ దాచారో తెలిసినది ఆయనకే. మర్యాదగా ఉన్న ఆడిటర్‌కు దొరికే కాగితాలు, అరిచే ఆడిటర్‌కు దొరకవు. నిజంగా మోసం, ఫోర్జరీ కనిపిస్తే ఎవరికీ చెప్పకుండా కేడీలు తీసి అదే రోజు పై అధికారికి గోప్యంగా తెలియజేయాలి. విచారణ మీరు మొదలుపెట్టకూడదు, అది విజిలెన్స్ పని.

నియంత్రణ సంస్థల సంగతి. ఆర్‌బీఐ గ్రేడ్-బి, సెబీ గ్రేడ్-ఎ, హైదరాబాద్‌లోనే ప్రధాన కార్యాలయమున్న ఐఆర్‌డీఏఐ, కంపెనీల ఆడిటర్ల పని మీద నిఘా కోసం 2018లో ఏర్పడిన ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏ ఈ కోవలోవి. జీతాలు ఎక్కువ, పోటీ ఇంకా ఎక్కువ. స్వభావంలో పెద్ద తేడా ఏమిటంటే ఇక్కడ ఆదేశం ఇచ్చే అధికారం ఉంది, జరిమానా వేయొచ్చు. అందుకే పని చట్టం వైపు మొగ్గుతుంది: షోకాజ్ నోటీసు, అవతలివారి వాదన వినడం, ప్రతి అభ్యంతరానికీ కారణం చెబుతూ ఆదేశం రాయడం. సెబీ ఆదేశం మీద సాట్ అనే అప్పీలు ట్రిబ్యునల్‌కు అప్పీలు వెళ్తుంది. నోటీసులో లేని ఆరోపణ ఆదేశంలో కనిపిస్తే అక్కడ కొట్టేస్తారు. బ్యాంకు తనిఖీలో 90 రోజులు దాటిన బకాయి ఎన్‌పీఏగా (నిరర్థక ఆస్తిగా) చూపారా, పాత అప్పు తీర్చడానికే కొత్త అప్పు ఇచ్చి ఖాతాను బతికించారా అని వెతుకుతారు. ఈ నైపుణ్యానికీ ప్రభుత్వ ఆడిట్‌కూ మూలం ఒకటే, కానీ బీకాంతో పాటు కంపెనీ చట్టం, ఆర్థిక శాస్త్రం మీద గట్టి పట్టు కావాలి. వయసు ఉంది కాబట్టి ఆడిటర్‌గా చేరి రాయొచ్చు. నిరభ్యంతర పత్రం ముందే తీసుకోవడం మరవద్దు.

చేరేలోపు చదవాలనుకుంటే రాజ్యాంగం 148 నుంచి 151 అధికరణాలు, డీపీసీ చట్టం 13 నుంచి 20 సెక్షన్లు, జీఎఫ్‌ఆర్‌లో కొనుగోళ్ళు, గ్రాంట్ల అధ్యాయాలు చాలు. తరవాత కాగ్ వెబ్‌సైట్‌లో మీ రాష్ట్రపు రిపోర్టు ఒకటి తీసి, ఒక పేరా పట్టుకుని ఇలా విడదీసి చూడండి: ప్రమాణం ఏది, జరిగింది ఏది, కారణం ఏది, ఫలితం ఏది, శాఖ ఏమన్నది, ఆ జవాబును ఆడిట్ ఎందుకు ఒప్పుకోలేదు. ఇలా పది పేరాలు విడదీస్తే శిక్షణలో చెప్పబోయేది సగం వచ్చేసినట్టే. రాసే భాష ఇంగ్లిష్. పొడి వాక్యాలు, విశేషణాలు లేకుండా, ప్రతి తేదీ ఉండేలా రాయడం సాధన చేయండి. 'భారీగా', 'యథేచ్ఛగా' లాంటివి పత్రికలకు వదిలేయండి.

కాగ్ ఆడిటర్ పోస్టు, గ్రూప్-2 ద్వారా స్టేట్ ఆడిట్ రెండూ వస్తే ఏది తీసుకోవాలంటే, తిరగడానికి ఇబ్బంది లేకపోతే కాగ్ ఆడిటర్ పోస్టే తీసుకోమంటాను, ఎస్‌ఏఎస్ రాస్తానన్న షరతు మీద. ఏడాదిలో సగానికి పైగా క్యాంపుల్లో గడుస్తుంది, ఒక విడత రెండు మూడు వారాలు ఇంటికి దూరం. సొంత జిల్లా వదలలేని పరిస్థితి ఉంటే స్టేట్ ఆడిట్ మేలు. కాగ్‌లో ఏ రాష్ట్రపు ఆఫీసు కేటాయిస్తే అక్కడే సీనియారిటీ నడుస్తుంది. వేరే రాష్ట్రం వచ్చి, తరవాత విజయవాడకో హైదరాబాద్‌కో బదిలీ కోరుకుంటే మామూలుగా కొత్త ఆఫీసులో సీనియారిటీ అడుగున చేరాల్సి వస్తుంది. ఆఫీసు ఎంపిక అడిగినప్పుడు ఈ లెక్క వేసుకుని నింపండి.